ఒక్క వోల్టు

మా ఊరి శివాలయం చెరువు కట్ట చివర ఉంటుంది. కరెంటు స్తంభాలు ఊళ్ళో రచ్చబండ దగ్గరే ఆగిపోయాయి. అక్కణ్ణించి గుడికి 300 మీటర్లు. దేవుడికి నూనె దీపం, పూజారికి టార్చిలైటు. 2008 దాకా అంతే.

ఆ ఏడు దసరాకి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పుట్టింది మా ఊళ్ళోనే. పాతికేళ్ళ కిందట వెళ్ళి, కాంట్రాక్టులు చేసి సంపాదించాడు. సాయంత్రం గుడికి వెళ్ళి, చీకట్లో గడప తగిలి బొటనవేలు చితక్కొట్టుకున్నాడు. కుంటుకుంటూ బయటికొచ్చి, ధ్వజస్తంభం పట్టుకుని నిలబడి, గుడికి కరెంటు తానే పెట్టిస్తానన్నాడు. లక్షా నూట పదహార్లు. అక్కడున్న పదిమందీ చప్పట్లు కొట్టారు.

కమిటీ లెక్కల పుస్తకం రాసేది నేను. మొదటి పేజీలో ఆ మొత్తం రాశాను. ఆయన పుస్తకం అందుకుని తన పేరు దగ్గర అక్షరాలు సరిచూసుకున్నాడు.

"ప్రతి పైసా రాయండి. ఎవరిచ్చారో పక్కనే రాయండి. రేపు ఎవడూ వేలెత్తి చూపకూడదు" అన్నాడు.

రాస్తానన్నాను.

స్తంభాలు గుడిదాకా వేయించాలంటే ఎస్టిమేటు లక్ష దాటింది. మీటరు రచ్చబండ దగ్గరి ఆఖరి స్తంభానికే పెట్టించి, అక్కణ్ణించి సొంత వైరు లాక్కుందామని కమిటీ తీర్మానించింది. తోట తీసేసిన రైతు ఒకాయన పదిహేను రాతి కూసాలు ఊరికే ఇచ్చాడు. ఇరవై మీటర్లకొకటి చొప్పున కట్ట వెంబడి పాతారు. వాటి మీద జీఐ తీగ లాగి, ఆ తీగకి వైరు కట్టాలి. తేలాల్సింది ఒక్కటే. ఏ వైరు?

దానికి వైరింగు మేస్త్రిని పిలిపించాం. ఆయన మోటార్లు రీవైండింగు కూడా చేస్తాడు. మా చుట్టుపక్కల కాలిన మోటార్లన్నీ ఆయన షెడ్డుకే చేరతాయి. అవెందుకు కాలాయో ఆయనకి తెలుసు. అడగందే చెప్పడు. చెబితే మళ్ళీ రావు.

గుడి పని కాబట్టి అడక్కుండానే చెప్పాడు.

జేబులోంచి రెండు రాగి వైరు ముక్కలు తీసి నా లెక్కల పుస్తకం మీద పెట్టాడు. రెండూ జానెడు. ఒకటి రెండున్నర స్క్వేరు, ఒకటి పది స్క్వేరు.

"పది వేయాలండీ" అన్నాడు.

దాత రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "దీనికి అది రెండింతల లావు. అంతే కదా?"

"లావు రెండింతలేనండీ. లోపల రాగి నాలుగింతలు."

"ధర?"

"అదీ నాలుగింతల దాకా అవుద్దండీ."

దాత పది స్క్వేరు ముక్కని పుస్తకం మీదే వదిలేసి రెండున్నర ముక్కని చేతిలో ఉంచుకున్నాడు. "నేను టౌనులో కనుక్కునే వచ్చాను. ఈ రెండున్నర ఇరవై ఆంపియర్ల దాకా తట్టుకుంటుందని షాపాయన చెప్పాడు. గుడికి మొత్తం ఎంత కావాలి?"

"బావి మీద ఒక హెచ్‌పీ మోటారుకి ఏడు. గర్భగుడిలో ట్యూబులైటు, మండపంలో రెండు, వంటశాలలో ఒకటి, బయట బల్బులు, అన్నీ కలిపి ఒకటి. ఎనిమిది ఆంపియర్లండీ."

"ఎనిమిదికి ఇరవై ఉంది. ఇంకేం కావాలి?"

"ఇరవై ఆంపియర్లకి వైరు కాలదన్నారు గానీ, అవతలికి ఎంత వోల్టేజీ చేరుద్దో షాపాయన చెప్పలేదండీ."

మేస్త్రి గోడ మీది క్యాలెండరు కాగితం ఒకటి తిప్పి వెనక లెక్క వేశాడు. దూరం 300 మీటర్లయినా కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి. ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. అంటే 600 మీటర్ల వైరు. రెండున్నర రాగికి కిలోమీటరుకి 7.4 ఓములు. 600 మీటర్లకి నాలుగున్నర దగ్గర. ఎనిమిది ఆంపియర్లతో హెచ్చవేస్తే 35. మీటరు దగ్గర 230 ఉంటే గుడి దగ్గర 195. పది స్క్వేరు అయితే పోయేది 9.

దాత కాగితం తిప్పి అటువైపున్న తిథులు చూశాడు.

పూజారి నెమ్మదిగా అడిగాడు. "ఆ 35 ఎటు పోతుంది నాయనా?"

"వైరే తినేస్తుందండీ. ఊళ్ళో పులిహోర వండి గంగాళం గుడికి పంపారనుకోండి. మోసుకొచ్చేవాడు కూసానికో ముద్ద తింటా వస్తే గుడికి ఎంత చేరుద్ది? ఇదీ అంతే. పదిహేను కూసాలు. నూటికి పదిహేను పాళ్ళు దారిలోనే అయిపోద్ది. బిల్లు మాత్రం నూరుకీ కట్టాలి. మీటరు కింద ఉంది కదండీ."

పులిహోర మోసుకొచ్చే కుర్రాడు అక్కడే ఉన్నాడు. లేచి బయటికి వెళ్ళాడు.

"మోటారుకి ఇంకా కష్టమండీ" అన్నాడు మేస్త్రి. "మొదలెట్టేప్పుడు నాలుగింతలు లాగుద్ది. అప్పుడు వైరు తినేదీ నాలుగింతలు. తిరగలేక మూలుగుద్ది. మూలిగే మోటారు కాలుద్ది. నా షెడ్డుకొస్తుంది."

"నీకు బేరమేగా" అన్నాడు దాత. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

"రాగి బరువనుకుంటే అల్యూమినియం పదహారు స్క్వేరు వేద్దామండీ. ఇంచుమించు పది రాగితో సమానం. ఖర్చు బాగా తగ్గుద్ది."

దాత ముఖం మారింది. "గుడికి అల్యూమినియమా? నా చేత్తో శివుడికి ఇచ్చేది రాగే ఉండాలి. రాగి చెంబుతో అభిషేకం చేస్తాం గానీ సత్తు చెంబుతో చేస్తామా?"

పూజారి తల ఊపాడు. దాని మీద వాదించడానికి మేస్త్రి దగ్గర లెక్క లేదు.

రాగి అన్నది ఖాయమైంది. రెండున్నర అన్నదీ ఖాయమైంది. మేస్త్రి రెండున్నర ముక్క జేబులో వేసుకుని లేచాడు. పది స్క్వేరు ముక్క మర్చిపోయాడో, వదిలేశాడో, పుస్తకం మీదే ఉండిపోయింది. దాన్ని పేజీల మధ్య గుర్తుగా పెట్టుకున్నాను. రిబ్బను కంటే నయం. జారిపోదు.

మర్నాడు ఏడు కాయిల్స్ వచ్చాయి. కాయిల్‌కి 90 మీటర్లు. అటు తీగకి మూడు అతుకులు, ఇటు తీగకి మూడు. మేస్త్రి ఒక్కో అతుకు దగ్గర ముప్ఫై ఆరు పోగులూ విప్పి, రెండు కొసలూ ఒకదానిలో ఒకటి పెనవేసి, టంకం పెట్టి, మూడు చుట్లు టేపు వేశాడు. వద్దన్న వైరే. అతుకులో మాత్రం వంక పెట్టడానికి లేదు. నాలుగు రోజుల్లో పని అయిపోయింది. వైరు ఖర్చు రాశాను. కూలి రాశాను. లక్షలో సగానికి పైగా మిగిలింది.

ఆ మిగిలింది ఏమైందో వారం తర్వాత తెలిసింది.

కార్తీక పౌర్ణమికి ప్రారంభం అనుకున్నాం. రెండ్రోజుల ముందు హైదరాబాదు నుంచి వ్యాను వచ్చింది. అందులోంచి పన్నెండడుగుల బోర్డు దిగింది. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలు. పైన "శాశ్వత విద్యుద్దీప దాత". కింద ఆయన పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు. అక్షరం అడుగెత్తు. బోర్డుతో పాటు నాలుగు హాలోజెన్ లైట్లు. ఒక్కోటి 500 వాట్లు.

బోర్డుని మండపం మీద, ఊరివైపు తిప్పి నిలబెట్టారు. రచ్చబండ మీద కూర్చున్నవాడికి చెరువు మీదుగా చదవడానికి వీలుగా.

మేస్త్రి నాలుగు లైట్లూ చూశాడు. వేళ్ళు మడిచాడు. "2,000 వాట్లు. ఇంకో ఎనిమిది ఆంపియర్ల పైమాట. ఇవి మన లెక్కలో లేవండీ."

దాత నా వైపు తిరిగాడు. "లెక్కలో లేవంటున్నాడు. రాయండి. బోర్డూ లైట్లూ నా విరాళం."

రాశాను.

పౌర్ణమినాడు పొద్దున మోటారు స్విచ్చి వేశారు. అది కాసేపు మూలిగి, ఆగి, మళ్ళీ మూలిగి, తిరగడం అందుకుంది. కోనేటి పక్క తొట్టి నిండింది. జనం హరహర మహాదేవ అన్నారు. మేస్త్రి మోటారు మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఏమీ అనలేదు. దాత పట్టుశాలువా కప్పుకుని ఫొటో దిగాడు.

అసలు పండగ సాయంత్రం. హైదరాబాదు నుంచి దాతగారి వియ్యాలవారు రెండు కార్లలో వచ్చారు. కట్ట పొడుగునా ప్రమిదలు పెట్టారు. ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు చెరువులో వదిలారు. ఏడు గంటలకి పూజారి గంట కొట్టాడు. దాత తన చేత్తో మెయిన్ స్విచ్చి పైకెత్తాడు.

హాలోజెన్లు వెలిగాయి. బోర్డు మీది పేరు పొడుచుకొచ్చినట్టు కనపడింది. చెరువులో అదే పేరు తలకిందులుగా ఊగింది. దొప్పల్లో దీపాలు ఆ అక్షరాల మీదుగా నడిచిపోయాయి. అది మాత్రం చూడాల్సిన దృశ్యమే. కాదనను.

గర్భగుడిలో ట్యూబులైటు వెలగలేదు. కొసలు రెండూ ఎర్రబడి టపటప కొట్టుకుంటోంది. శివలింగం ఒకసారి కనపడుతుంది, ఒకసారి కనపడదు. మండపంలో రెండూ అంతే. వరసలో నిలబడ్డ పిల్లలకి అది బాగా నచ్చింది. పూజారి కళ్ళు చికిలించుకుంటూ మంత్రం చదువుతున్నాడు.

ఇంతలో అభిషేకానికి నీళ్ళు అయిపోయాయి. ఎవరో మోటారు వేశారు. ఈసారి అది మూలగడంతోనే సరి. తిరగలేదు. ఆ క్షణమే ట్యూబులైట్లు నాలుగూ ఆరిపోయాయి. బయటి బల్బులు నిప్పు కణికల్లాగా మిగిలాయి. హాలోజెన్లు ఎర్రబారాయి గానీ ఆరలేదు. ఆ గుడిలో అప్పుడు చదవడానికి వీలైనది బోర్డు ఒక్కటే.

మేస్త్రి పరిగెత్తుకెళ్ళి మోటారు ఆపాడు. దాని వాసన చూశాడు. "కాలలేదు. ఇంకో అర నిమిషమైతే పోయేది" అన్నాడు. కుర్రాళ్ళు బావిలోంచి చేదతో తోడి బిందెలు అందించడం మొదలుపెట్టారు. ఎప్పటిలాగే.

దాత మేస్త్రిని బోర్డు కిందికి పిలిచాడు. "ఏమయ్యా, లైట్లు ఇట్లా పచ్చగా ఉన్నాయేంటి? షాపులో వెలిగించి చూపించినప్పుడు తెల్లగా ఉన్నాయి. వియ్యంకుడు బల్బులు పాతవా అని అడుగుతున్నాడు."

మేస్త్రి మల్టీమీటరు తెచ్చాడు. ఒక కుర్రాణ్ణి సైకిలు మీద రచ్చబండకి పంపి, అక్కడి మీటరు బాక్సులో ఇంకో మల్టీమీటరు పెట్టించి, ఫోనులో అడిగాడు. అక్కడ 217 ఉంది. గుడి దగ్గర 182.

"కింద 217 అంటే వాళ్ళ తప్పు లేదండీ. 1956 నాటి రూల్సు ప్రకారం నూటికి ఆరు దాకా తగ్గొచ్చు. 217 ఆ హద్దు లోపలే. మీటరు దాటాక వైరు మనది. ఈ 35 మన వైరు తిన్నదే. ఇందాక మోటారు వేసినప్పుడు చూశాను. 130కి పడిపోయింది."

"ఇప్పుడేం చేయాలి?"

"రెండే మార్గాలండీ. వైరు మార్చాలి. లేదా లోడు తగ్గించాలి."

"ఏది తేలిక?"

"లోడు తగ్గించడమేనండీ. ఇప్పుడే అయిపోద్ది."

"అయితే తగ్గించు."

మేస్త్రి హాలోజెన్ల స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"అది కాదు" అన్నాడు దాత.

మేస్త్రి చెయ్యి తీశాడు.

దాత మండపంలోకి చూశాడు. అక్కడ జనం ఉన్నారు. వంటశాలలోకి చూశాడు. అక్కడ పులిహోర కలుపుతున్నారు. బయటి బల్బుల కింద ఆయన వియ్యాలవారు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆయన చూపు అన్నీ తిరిగి గర్భగుడి దగ్గర ఆగింది. ట్యూబులైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. దాని కింద, లింగానికి రెండు పక్కలా, నూనె దీపాలు నిలకడగా వెలుగుతున్నాయి.

"పంతులుగారూ, లోపల నూనె దీపాలు ఉన్నాయిగా?"

"ఉన్నాయి బాబూ."

"ఆ ట్యూబులైటు కళ్ళకి చికాగ్గా లేదూ?"

"ఉంది బాబూ."

దాత మేస్త్రి వైపు తిరిగాడు. "అది తీసెయ్యి."

"అది 40 వాట్లేనండీ" అన్నాడు మేస్త్రి.

"లోడేగా?"

"లోడేనండీ."

పూజారి పక్కకి తప్పుకున్నాడు. మేస్త్రి తడి కాళ్ళు తుడుచుకుని, స్టూలు వేసుకుని, ట్యూబులైటు విప్పి, చోకుతో సహా దించాడు. దాన్ని నందీశ్వరుడి పక్కన గోడకి ఆనించాడు. బయటికొచ్చి మల్టీమీటరు పెట్టాడు. అందరం దాని మీదికి వంగాం.

183.

"ఎంత పెరిగింది?" అన్నాడు దాత.

"ఒక్క వోల్టు అండీ."

"పెరిగిందిగా" అన్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, నడుము మీద చేతులు పెట్టుకుని బోర్డు వైపు చూశాడు. "ఇప్పుడు నయం."

జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు. పండగ పూట పని చేశాడు, ఊరికే పంపకూడదన్నాడు. మేస్త్రి నోటు కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. దాత నా వైపు తిరిగాడు.

"రాయండి."

పుస్తకం తెరిచాను. పది స్క్వేరు వైరు ముక్క పేజీల మధ్య అలాగే ఉంది. దాన్ని పక్కకి జరిపి, హాలోజెన్ల వెలుగులో రాశాను.

"గర్భగుడి ట్యూబులైటు తీయించిన ఖర్చు: 50 రూపాయలు. దాతగారి విరాళం."